పడమటి గోడ ముందు పూలపందిరి: మండే ఎండలో తీగలను నిలబెట్టుకునే పద్ధతి

మా పల్నాడులో ఇల్లు చల్లబడాలంటే ముందు పడమటి గోడ చల్లబడాలి. మధ్యాహ్నం రెండింటి నుంచి పొద్దు వాలేదాకా ఎండంతా ఆ గోడ మీదే పడుతుంది. పీల్చుకున్న వేడిని రాత్రి పది దాటినా గదిలోకి వదులుతూనే ఉంటుంది. ఏసీ ఉన్నవాళ్ళకు కరెంటు బిల్లు టెన్షన్, లేనివాళ్ళకు నిద్ర ఉండదు. ఆ గోడకు రెండడుగులు ఇవతల పందిరి వేసి తీగ పాకిస్తే, ఆకు కమ్ముకున్న మొదటి వేసవిలోనే గదిలో తేడా తెలుస్తుంది. నేను ఉండేది నరసరావుపేటలో. ఎండాకాలం వార్తల్లో తరచూ వినపడే రెంటచింతల మా జిల్లాలోదే. ఈ ఎండను, ఈ నల్లరేగడిని తట్టుకున్న తీగలు తెలుగు ఊళ్ళలో చాలాచోట్ల బతుకుతాయి. వాటిని ఎలా నాటాలో, ఎలా నిలబెట్టుకోవాలో నాకు తెలిసినంత చెబుతాను.

నర్సరీకి వెళ్ళి ఎండకు ఆగే తీగ కావాలంటే రాధామనోహరమో, కాగితంపూల మొక్కో చేతిలో పెడతారు. మొక్క మంచిదే. కానీ కవర్లో ఉన్న మొక్కకు ఆ మొండితనం ఇంకా రాలేదు. మొండితనమంతా వేరులో ఉంటుంది. వేరు బాగా లోపలికి దిగి అక్కడి తేమ అందుకున్నాకే ఆ తీగ రోహిణి కార్తెను లెక్కచెయ్యదు. అందాకా, అంటే మొదటి ఏడాదంతా, దాని బాధ్యత మనదే. ఆ ఏడాది సరిగ్గా చూసుకుంటే తర్వాత ఏళ్ళ తరబడి కత్తిరింపు, ఎరువు తప్ప అది మనల్ని పెద్దగా ఏమీ అడగదు.

తీగ ఎలా పాకుతుందో చూసి పందిరి

చాలామంది ముందు మొక్క తెచ్చి, అది సాగి నేల మీద పడ్డాక కర్ర కోసం వెతుకుతారు. పందిరి ముందు, మొక్క తర్వాత. వేరు పట్టిన మొక్క పక్కన గడ్డపారతో గుంటలు తవ్వితే లేతవేళ్ళు తెగుతాయి. పైగా తీగలన్నీ ఒకేలా పాకవు. ఏది దేన్ని పట్టుకుని పైకి వెళ్తుందో తెలిస్తే ఎలాంటి పందిరి కావాలో అదే తెలుస్తుంది.

శంఖుపుష్పం కాండమే మెలి తిరుగుతూ ఎక్కుతుంది. దానికి సన్నటి పురికొస, జి.ఐ. తీగ (జింకు పూత వేసిన ఇనుప తీగ), వెదురుబద్ద లాంటివి కావాలి. లావుపాటి స్తంభం పక్కన నాటితే చుట్టుకోలేక జారిపోతుంది. మెలి ఎటు తిరగాలో ఆ జాతికి పుట్టుకతోనే ఉంటుంది. మనం సాయం చేస్తున్నామనుకుని ఎదురు దిక్కుకు చుట్టినా, నాలుగు రోజుల్లో విప్పుకుని తన దారిన తాను తిరుగుతుంది. కాబట్టి పురికొస దగ్గరికి చేర్చి వదిలేయండి, చుట్టకండి.

దొండ, కాకర లాంటివి నులితీగలతో పాకుతాయి. ఒకసారి పొద్దున్నే దొండపాదు దగ్గర కూర్చుని చూడండి. నులితీగ కొస తాడును తాకిన చోట ముందు చుట్టుకుంటుంది. కొస గట్టిగా పట్టు దొరికించుకున్నాక మధ్యభాగం స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా ముడుచుకుంటుంది. సగం చుట్టలు ఒక దిక్కుకు, మిగతా సగం ఎదురు దిక్కుకు తిరిగి ఉంటాయి. అలా ముడుచుకుంటూ తీగనే పందిరి వైపు లాక్కుంటుంది. గాలికి సాగుతుంది, గాలి తగ్గాక మళ్ళీ ముడుచుకుంటుంది, అందుకే ఈదురుగాలికి కూడా అంత తేలిగ్గా తెగదు. ఈ పట్టు దొరకడానికి సన్నటి ఆధారం ఉండాలి. కందికంప, పత్తికట్టె మా వైపు ఊరికే దొరుకుతాయి, దొండకు అవి చాలు.

తమలపాకు, మనీప్లాంటు కణుపుల దగ్గర వేళ్ళు పెట్టి అంటుకుంటాయి. వీటికి గరుకైన చెట్టుమాను ఉండాలి. తమలపాకు తోటల్లో అవిసె చెట్ల మీదకు పాకించేది అందుకే, అవిసె నీడ కూడా పల్చగా పడుతుంది. తమలపాకు మా పడమటి ఎండకు ఆగదు. వేయాలనిపిస్తే ఇంటికి తూర్పున, బావి గట్టునో నీళ్ళతొట్టి పక్కనో వేసుకోండి.

ఇక జాజి, కాగితంపూలు, అల్లమండ. పందిరి మీద కనిపించినా ఇవి తమంతట తాము పట్టుకునేవి కావు. పొడవాటి కొమ్మలు వేసి పక్కదాని మీద ఆనుకుంటాయి, అంతే. జాజి మెలి తిరిగినట్టు అనిపించినా కట్టకపోతే గాలికి జారుతుంది. వీటిని మనమే కట్టాలి. పాత నూలుచీర పేలికలు చింపి, పందిరికి ఒక చుట్టు, కొమ్మకు ఒక చుట్టు వచ్చేలా ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. బైండింగ్ వైరుతో బిగిస్తే కొమ్మ లావెక్కాక ఆ వైరు బెరడులోకి దిగి ఆ పై భాగమంతా ఎండిపోతుంది. నైలాన్ తాడూ అంతే.

రాధామనోహరం చిన్నప్పుడు పొదలా గుబురుగా ఉంటుంది. కొన్ని నెలలయ్యాక ఉన్నట్టుండి పొడవాటి కొమ్మలు విసురుతుంది. అవి దొరికినదాన్ని చుట్టుకుంటాయి. ఆకు రాలినా దాని కాడ మొదలు కొమ్మ మీదే ఉండిపోయి గట్టిపడి ముల్లులా తయారవుతుంది, ఆ ముళ్ళ ఆసరాతో కూడా పైకెక్కుతుంది. కత్తిరించేటప్పుడు చేతులకు గుచ్చుకునేవి అవే. పాత బస్తా ముక్కో, గ్లౌజులో వేసుకోండి.

పందిరి బరువు గురించి ఒక మాట. బాగా ఎదిగిన రాధామనోహరం వానకు తడిసి, పైన గాలి కూడా తోడైతే సరుగుడు కర్రలు ఒరిగిపోతాయి. నల్లరేగడి ఎండకు పగిలి, వానకు ఉబ్బి, స్తంభాలను అటూ ఇటూ కదుపుతుంది కూడా. అందుకే గట్టి తీగకు రెండంగుళాల జి.ఐ. పైపు రెండడుగుల లోతున దించి కంకర, సిమెంటుతో బిగించాలి. ఎత్తు ఎనిమిదడుగులు చాలు, అంతకుమించితే స్టూలు వేసుకున్నా చేతికి అందదు. పైన అడుగుకొక జి.ఐ. తీగ అడ్డం, నిలువు లాగి గళ్ళు కట్టండి. దొండ, శంఖుపుష్పం వరకైతే సరుగుడు కర్రలు చాలు. నేలలో దిగే భాగానికి తారు పూస్తే చెదలు త్వరగా పట్టవు. గోడకు, పందిరికి మధ్య రెండడుగుల సందు వదలడం మరిచిపోకండి. గాలి ఆడాలి, మనిషి దూరాలి, గోడకు సున్నం వేయించాలన్నా తీగ కొట్టెయ్యక్కర్లేకుండా ఉండాలి.

గొయ్యి మే నెలలోనే

గొయ్యి తవ్వాల్సింది నాటే రోజున కాదు. మే నడుమ ఒకటిన్నర అడుగు పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు తవ్వి వదిలేయాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ ఎండకు గోతిలో పురుగుల గుడ్లు, గొంగళి కోశాలు చాలావరకు చస్తాయి. జూన్ మొదటి వారం దాటాక మృగశిర వస్తుంది. తొలి వాన పడగానే ఉత్సాహంగా నాటేస్తారు గానీ, ఆ తర్వాత వారం పది రోజులు మళ్ళీ ఎండ కాయడం మామూలే. నేల లోపలిదాకా తడిసేలా రెండు మంచి వానలు పడనివ్వండి. ఆరుద్ర కార్తె నాటికి, అంటే జూన్ చివరి వారానికి నాటితే సరిగ్గా ఉంటుంది. అప్పుడు వీలుకాకపోతే సెప్టెంబరు రెండో సగంలో ఇంకో అదను దొరుకుతుంది. ఫిబ్రవరి తర్వాత మాత్రం మా ఊళ్ళో ఏ తీగా నేలలో పెట్టొద్దు.

నల్లరేగడిలో గొయ్యి నింపడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తవ్విన నల్లమట్టంతా అవతల పారబోసి, గొయ్యి నిండా ఇసుక, కొబ్బరిపొట్టు, ఎరువు పోసేవాళ్ళున్నారు. చుట్టూ బంకమట్టి, మధ్యలో గుల్లమట్టి ఉంటే వాననీళ్ళన్నీ ఆ గోతిలోకే చేరి కదలకుండా నిలుస్తాయి. వేరు కుళ్ళుతుంది. బతికినా ఆ గుల్లమట్టి దాటి బయటకు వెళ్ళడానికి వేరు ఇష్టపడదు, అక్కడక్కడే తిరుగుతుంది. కాబట్టి తవ్విన మట్టిలో సగం మళ్ళీ వాడండి. మిగతా సగంలో ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఎర్రమట్టి లేదా గరప. గోతికి పావుకిలో వేపపిండి. గొయ్యి గోడలు పలుగుతో నున్నగా అయిపోయి ఉంటాయి, వాటిని గీరి గరుకుగా చేయండి. చివరికి మట్టి నేలమట్టం కన్నా అరడుగు ఎత్తు లేచి గుట్టలా రావాలి. వానలకు కుదురుకుని కొంత దిగుతుంది, అప్పటికీ నీళ్ళు మొక్క మొదట్లో నిలవవు.

ఎర్రనేల ఉన్నవాళ్ళకు ఇంత శ్రమ లేదు. అక్కడ నీళ్ళు ఇంకిపోవడమే సమస్య, కాబట్టి గుట్ట చేయకుండా పళ్ళెంలా పాదు చేసుకుంటే సరి.

ఎరువు మాగిందో లేదో చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. పేడవాసన ఉండకూడదు, వెచ్చగా తగలకూడదు, పిడికిట్లో నలిపితే పొడిపొడిగా రాలాలి. పచ్చిఎరువు వేస్తే వేరుపురుగు, చెదలు దాని వెంటే వస్తాయి. ట్రాక్టరతను "మంచి ఎరువేనమ్మా" అంటూ వేసి వెళ్ళినా, అడుగు నుంచి ఒక చేటెడు తీయించి చూసుకోండి.

నాటే రోజు

మొక్క ఎంచుకునేటప్పుడు పొడవు చూడకండి, పూలు అసలే చూడకండి. మొదట్లో కాండం పెన్సిలంత లావుంటే, ఆకులు నిగనిగలాడుతుంటే, కొత్త చిగురు కనిపిస్తుంటే అది చాలు. కవరు అడుగున పెద్దవేరు బయటకు వచ్చి తెగి ఉంటే ఆ మొక్క వద్దు. అది నర్సరీ నేలలో పాతుకుపోయింది, పీకి మనకు ఇచ్చారు. కడియం వైపు నుంచి లారీల్లో వచ్చే మొక్కల వేళ్ళ చుట్టూ బంకమట్టి గట్టిగా ముద్దగా ఉంటుంది, దారిలో విరిగిపోకుండా అలా కడతారు. ఆ ముద్దను అలాగే పాతితే నీళ్ళు దాని చుట్టూ జారిపోతాయి, లోపల వేరు పొడిగానే ఉంటుంది. నాటే ముందు కవరుతో సహా బకెట్ నీళ్ళలో బుడగలు ఆగేదాకా ముంచి ఉంచండి. తర్వాత కవరు బ్లేడుతో నిలువుగా కోసి, ముద్ద పైపొరను వేళ్ళతో మెల్లిగా గీరి వేరు కొసలు బయటపడేలా చేయండి. గుండ్రంగా చుట్టుకుపోయిన వేళ్ళుంటే విప్పండి, విప్పలేనంత బిగిసినవాటిని కత్తిరించండి.

నాటేది సాయంత్రం, ఎండ వాలాక. కవర్లో మట్టి ఎంతవరకు ఉందో గోతిలోనూ అంతవరకే. కాండాన్ని లోతుగా పాతితే గట్టిగా నిలబడుతుందని అనుకుంటారు గానీ బెరడు కుళ్ళుతుంది. మొక్కను పందిరి వైపు కొంచెం వాల్చి నాటి, పక్కన సన్నటి వెదురుపుల్ల గుచ్చి, పుల్ల నుంచి పందిరిదాకా పురికొస కట్టండి. చుట్టూ మట్టిని అరచేత్తో అదమండి, కాలితో తొక్కకండి. తడిసిన నల్లరేగడిని తొక్కితే ఎండాక గాలి కూడా ఆడనంత బిగుసుకుపోతుంది.

మొక్కకు మొక్కకు మధ్య దూరం రాధామనోహరానికి పదడుగులు, జాజికి ఆరడుగులు, మల్లెకు నాలుగు. మొదట్లో ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఖాళీ భరించలేకపోతే అక్కడ శంఖుపుష్పం, దొండ వేయండి. శంఖుపుష్పం గింజ పైపెంకు గట్టిది, రాత్రంతా నానబెట్టి పెడితే త్వరగా మొలుస్తుంది. చిక్కుడు జాతిది కాబట్టి నేలకు నత్రజని కూడా చేరుస్తుంది. దొండకు గింజ అక్కర్లేదు, బాగా కాసే పాదు నుంచి నాలుగు కణుపుల ముక్క తెచ్చి రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చితే చాలు. ముక్క కోసేటప్పుడు కిందికొస ఏటవాలుగా, పైకొస అడ్డంగా కోయండి, తలకిందులుగా నాటే ప్రమాదం ఉండదు. పెద్దతీగ కమ్ముకునేలోపు మొదటి వేసవి నీడ ఈ రెండూ ఇస్తాయి, వారానికో దొండకాయ కూర అదనం.

మొదటి ఏడాది నీళ్ళు

రోజూ సాయంత్రం పైపు పట్టుకుని మొక్క మొదట్లో చెంబెడు నీళ్ళు చిలకరించడం చూడముచ్చటగా ఉంటుంది. మొక్కకు మాత్రం మేలు చెయ్యదు. పైనే తడి దొరికితే వేరు పైపైనే తిరుగుతుంది, ఏప్రిల్‌లో ఒక్క వారం మనం ఊరెళ్తే చాలు వాడిపోతుంది. ఒకేసారి ఎక్కువ, చాలా మెల్లగా పోయాలి. వానల్లేని రోజుల్లో నల్లరేగడిలో మూడు నాలుగు రోజులకు ఒక బకెట్, ఎర్రనేలలో రోజు మార్చి రోజు. పోసే ముందు మొదలుకు జానెడు దూరంలో పుల్లతో నాలుగంగుళాలు గుచ్చి చూడండి. పుల్లకు తడిమట్టి అంటుకుని వస్తే ఆ రోజు ఆపేయండి. నీళ్ళు తగ్గి వాడిన మొక్క లేస్తుంది, నీళ్ళెక్కువై వేరు కుళ్ళినది లేవదు.

దీనికన్నా మంచి ఉపాయం కుండ. రంగు వేయని మామూలు మట్టికుండను మొక్కకు అడుగు దూరంలో మూతివరకు పాతి, నీళ్ళు పోసి మూకుడు మూసేయాలి. నీళ్ళు కుండ గోడల గుండా కొద్దికొద్దిగా ఊరి చుట్టూ మట్టిని తడుపుతాయి. వేరు ఆ తేమను వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. మూత తప్పనిసరి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. ఎండాకాలం పెళ్ళిళ్ళకు ఊళ్ళు తిరిగేవాళ్ళకు కుండ చేసినంత మేలు ఇంకేదీ చెయ్యదు.

పాదు పైన ఎండుటాకులు, వరిగడ్డి, వేరుశనగ పొట్టు ఏది దొరికితే అది నాలుగంగుళాల మందాన పరవండి. కాండానికి తగలకుండా బెత్తెడు వదలండి. నల్లరేగడికి ఇది ఇంకా అవసరం. కప్పు లేని నల్లనేల వేసవిలో చెయ్యి దూరేంత నెరలు విచ్చుతుంది, ఆ నెర విచ్చేటప్పుడు మధ్యలో ఉన్న సన్నవేళ్ళు పుటుక్కున తెగుతాయి. గట్టిగా ఉన్న మొక్క మే నెలలో ఒకవైపు మాత్రమే ఎండుతోందంటే ముందు కప్పు తీసి నేల చూడండి.

అంటు తొక్కడం

మల్లె, జాజి కొనాల్సిన పని లేదు. ఎవరింట్లో మంచి పొద ఉంటే వాళ్ళను అడిగి అంటు తొక్కించుకోవచ్చు. మా అత్తయ్య దగ్గర నేను నేర్చుకున్న పద్ధతి ఇది. ఆవిడ పక్కన కూర్చుని చేయించేది. "విరవకే అమ్మాయ్, వంచు. అది ఎంత వంగుతానంటే అంతే వంచు" అనేది.

జూన్, జూలైల్లో పెన్సిలంత లావున్న, బాగా ముదరని కొమ్మను నేలదాకా వంచాలి. నేలను తాకే చోట కణుపు చూసుకుని, దాని అడుగువైపు అంగుళం పొడవున ఏటవాలుగా కోత పెట్టాలి. కొమ్మ మందంలో సగానికి మించకూడదు. కోత మళ్ళీ అతుక్కోకుండా మధ్యలో చీపురుపుల్ల ముక్క ఇరికించాలి. ఆ భాగాన్ని మూడంగుళాల లోతున పాతి, పైన ఇటుక పెట్టాలి. ఇటుక వల్ల కొమ్మ పైకి లేవదు, కింద తడి ఆరదు. కొమ్మ కొస మాత్రం బయట నిటారుగా ఉండాలి. తడి ఆరకుండా చూసుకుంటే రెండు మూడు నెలల్లో వేళ్ళు వస్తాయి. ఇటుక తీసి కొమ్మను మెల్లిగా లాగితే ఎదురు బిగువు తెలుస్తుంది. అప్పుడు కూడా ఒక్కసారిగా వేరు చెయ్యొద్దు. తల్లిచెట్టు వైపు సగం కోసి పది రోజులు ఆగితే పిల్ల తన వేళ్ళ మీద బతకడం నేర్చుకుంటుంది. తర్వాత పూర్తిగా కోసి మట్టితో సహా తీసి నాటుకోవాలి.

ఒక్క మల్లెతో సరిపెట్టుకోవద్దనేది నా మాట. మల్లె వేసవిలో, జాజి వానాకాలంలో, కాగడాలు చలికాలంలో పూస్తాయి. మూడూ ఒక్కొక్క పాదు ఉంటే ఏడాదిలో పూలు లేని నెల దాదాపు ఉండదు. మా సందులో ఆడపిల్లలు సాయంత్రం గేటు దగ్గర "పిన్నీ, ఇవాళ ఏం పూశాయి?" అని అడుగుతారు, కాలాన్ని బట్టి ఏదో ఒకటి వాళ్ళ దోసిట్లో పడుతుంది.

కత్తిరించడానికి చెయ్యి రావాలి

రెండో ఏడాది నుంచి పని కత్తెరదే. మల్లె, జాజి కొత్తగా వచ్చిన చిగుర్ల మీదే పూస్తాయి. పాతకొమ్మ ఎంత ఉన్నా పచ్చగా కనిపించడానికే. అందుకని డిసెంబరులో మల్లెకు నీళ్ళు బాగా తగ్గించి, సంక్రాంతి దాటగానే నేల నుంచి ఒకటిన్నర అడుగు ఎత్తుకు మొత్తం కత్తిరించండి. ఎండుపుల్లలు, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు మొదటికంటా తీసేయండి. మిగిలిన ఆకులూ దూసేయండి. పాదు తవ్వి, పది కిలోల మాగిన ఎరువు కలిపి, అప్పుడు నిండుగా నీళ్ళు పెట్టండి. మోడులా మిగిలిన దాన్ని చూసి ఇంట్లోవాళ్ళు కంగారు పడతారు. ఫిబ్రవరి చివరికి ఆ మోడు నిండా చిగురు, ఆ వెంటనే మొగ్గలు. మొగ్గ దశలో మాత్రం నీళ్ళకు లోటు రానివ్వొద్దు, మొగ్గలు రాలిపోతాయి. జాజిని ఇంత కిందికి కోయక్కర్లేదు, మూడడుగులు ఉంచితే చాలు.

కాగితంపూల తీరు దీనికి ఎదురు. వేరు పట్టాక దానికి నీళ్ళు తగ్గిస్తేనే పూస్తుంది. నీళ్ళు, యూరియా ఎక్కువైతే పందిరంతా ఆకే. అందుకే మల్లె, కాగితంపూలు ఒకే పాదులో పెట్టొద్దు, ఒకదానికి పోసిన నీళ్ళు రెండోదాని పూత చెడగొడతాయి.

రాధామనోహరం పూత అయ్యాక, చలికాలం చివర్లో మూడో వంతు కొట్టేయాలి. మొదలు చుట్టూ వేళ్ళ నుంచి పిలకలు లేస్తుంటాయి, వాటిని లేతగా ఉన్నప్పుడే లాగేయాలి. వదిలేస్తే రెండేళ్ళలో పెరడంతా అదే. అయినా ఒక్క తీగే పెంచుకోగలిగిన చోటుంటే నేను దీన్నే వేయమంటాను. సాయంత్రం విచ్చేటప్పుడు పువ్వు తెలుపు, మర్నాటికి గులాబీ, ఆ మర్నాటికి ఎరుపు. ఒకే గుత్తిలో మూడు రంగులూ వేలాడుతుంటాయి. తెల్లగా ఉన్న రాత్రి పొడవాటి నాలుక ఉన్న పెద్ద చిమ్మటలు వచ్చి గాల్లోనే నిలబడి తేనె తాగిపోతాయి. లైటు ఆర్పి వరండాలో కూర్చుంటే కనిపిస్తాయి.

ఆకులు పాలిపోతే

పిడుగురాళ్ళ, దాచేపల్లి, మాచర్ల వైపు సున్నపురాయి నేలలు. అక్కడా, మా దగ్గరా మల్లెకు తరచూ వచ్చే జబ్బు ఇనుపధాతు లోపం. కొత్త చిగురు ఆకులు నిమ్మపండు రంగుకు తిరుగుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. నేలలో సున్నం ఎక్కువైతే ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు, కాబట్టి మట్టిలో ఏం వేసినా ఉపయోగం తక్కువ. లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండు మూడు సార్లు ఆకుల మీద సాయంత్రం పిచికారీ చేయండి. ఎప్పటికప్పుడు కలుపుకోవాలి, నిల్వ ఉంటే పనిచెయ్యదు. గచ్చు మీద, బట్టల మీద పడితే తుప్పుమరక పోదు, జాగ్రత్త. చిగురు పచ్చగానే ఉండి కింది ముదురాకులు పసుపెక్కితే అది వేరే సంగతి. నత్రజని చాలకపోవడమో, నీళ్ళు నిలవడమో అయ్యుంటుంది.

వేసవిలో ఆకు మీద సన్నటి తెల్లచుక్కలు కనిపిస్తే తెల్లకాగితం మీద ఆ ఆకును తట్టి చూడండి. కాగితం మీద ఎర్రటి చుక్కలు నడుస్తుంటే ఎర్రనల్లి. పొద్దున్నే పైపుతో ఆకు అడుగున గట్టిగా నీళ్ళు కొట్టండి, వరసగా కొన్ని రోజులు. చాలావరకు దానికే తగ్గుతుంది. తగ్గకపోతే లీటరుకు మూడు గ్రాముల నీటిలో కరిగే గంధకం, అదీ పొద్దుగూకాకే. మండే ఎండలో గంధకం ఆకు మాడుస్తుంది. వేపనూనె కొట్టి రెండు వారాలు కాకముందు గంధకం కొట్టొద్దు. మల్లెమొగ్గ ఊదారంగు తిరిగి విచ్చుకోకపోతే లోపల పురుగుందని అర్థం. అలాంటివి తుంచి, కింద రాలినవి కూడా ఏరి కాల్చేయాలి.

పందిరి కింద

తీగ పాదు చల్లగా ఉండాలంటే కింద ఖాళీ ఉంచకూడదు. పల్చని నీడలో కనకాంబరం హాయిగా పెరుగుతుంది, రెండు మూడేళ్ళు పూస్తుంది. ముందు వరసలో, పొద్దుటి ఎండ తగిలే చోట నూరువరహాలు, నందివర్ధనం. వానలిల్లీ గడ్డలు ఒకసారి పాతి కదపకుండా వదిలేస్తే వాన పడ్డ నాలుగైదు రోజులకు వాటంతట అవే పూస్తాయి. గిన్నెలు కడిగిన నీళ్ళు పోయే చోట మెట్టతామర పెట్టండి, ఆ తడి అంతా అది తాగేస్తుంది. దాని ఒక్కో కాడ ఒక్కసారే పూస్తుంది, పూత అయిన కాడను నేలమట్టానికి కోసేస్తే పక్కనుంచి కొత్తది లేస్తుంది. మందారం ఈ వరసలో నేను పెట్టను. దానికి పిండినల్లి తొందరగా పడుతుంది, గుబురు కింద గాలి ఆడక అది పక్క మొక్కలకూ పాకుతుంది. గన్నేరు ఎంత ఎండకైనా ఆగుతుంది గానీ ఆకు, పువ్వు, కాయ అన్నీ విషమే. పసిపిల్లలు, దూడలు తిరిగే ఇంట్లో వద్దు. రాధామనోహరం, కాగితంపూలు డ్రైనేజీ పైపుకు, సంపుకు పదడుగుల లోపు నాటొద్దు.

కనకాంబరం విత్తనం కొనేది ఒక్కసారే. వెన్ను ఎండి గోధుమరంగుకు వచ్చాక కాయ మీద నీటిచుక్క పడితే చాలు, టప్పున పగిలి గింజను దూరంగా విసురుతుంది. అందుకని వానకు ముందే, పొడిగా ఉన్నప్పుడు వెన్నులు కోసి గుడ్డసంచిలో వేసి మూతి కట్టండి. ఆ సంచి మీద కాసిని నీళ్ళు చిలకరిస్తే లోపల కాయలు పగిలి గింజలన్నీ సంచిలోనే రాలుతాయి. నీడన ఆరబెట్టి, తొలకరికి నారు పోసుకోండి.